తొలికాపు బొండాం

సత్యవేణి కంట పడకుండా గొంతు తడుపుకోవాలి. పోలారావుకు పొద్దుటినుంచీ అదే ఆలోచన.

వజ్రపుకొత్తూరు దారిలో, కొబ్బరితోట మధ్య, అతని తాత కట్టిన పెంకుటిల్లు. పెరట్లో నుయ్యి. అరుగు మీద కూర్చుంటే నుయ్యి ఎదురుగానే కనిపిస్తుంది. సత్యవేణి రోజంతా అరుగు మీదే ఉంటుంది.

కిడ్నీల జబ్బు ఆ ఇంట్లోకి వచ్చాక, రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు సీసా మీద గీత గీసి మరీ చూపించాడు. బొండాం నీళ్లు బొత్తిగా కూడదన్నాడు. పోయిన నెల ఆశ పట్టలేక రెండు చెంబులు లోపలికి పోయాయి. తెల్లారేసరికి ఊపిరి అందలేదు. ఆటోలో పలాస చేరేదాకా ప్రాణం నిలుస్తుందో లేదో తెలియలేదు. ఆ రోజే నీళ్లకుండ వంటింట్లోంచి మాయమైంది.

ఇప్పుడు ఆమె చూసిందంటే మళ్లీ అదే కథ.

తుఫానుకు కూలిన చెట్ల చోట మొగుడూ పెళ్లాం కలిసి నాటిన మొక్కలు ఈ ఏడే కాపు పట్టాయి. ఆ కాయల రుచి ఇంట్లో ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం వాటికి పాదులు చేస్తుంటే పోలారావుకు కళ్లు బైర్లు కమ్మాయి. బావమరిది రామూర్తి గబగబా ఒక బొండాం చెక్కి చేతికిచ్చాడు.

"తాగు బావా."

"వద్దురా. మీ అక్క సూత్తాది."

"ఇంత తోటేసుకుని నాలుక పిడచ కట్టుకుని తిరుగుతున్నావు. నీలాటోడు ఉద్దానమంతా ఎతికినా దొరకడు. నువ్వు పడిపోతే అక్క గతేటి? శాలెనక్కి రా."

పశువులశాల వెనక, రెండు చేతులతో బొండాం ఎత్తి గటగటా తాగాడు. ప్రాణం లేచొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. కాయను ఎండాకుల కింద కప్పెట్టి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు.

అరుగెక్కగానే సత్యవేణి తలెత్తింది.

"తాగినావు గదా మావా."

"లేదే. ఒట్టు."

"ఎవుల మీద ఒట్టు? మీసం సూడు, ఇంకా కారతంది."

"సెమట."

"ఓలమ్మ! సెమటకి బొండాం వాసనెప్పుడొచ్చిందో?"

పోలారావు తల దించుకున్నాడు. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండును. ఆమె మెల్లగా దగ్గరకు జరిగింది.

"తియ్యగున్నాయేటి?" గొంతు తగ్గించి అడిగింది.

అబద్ధమాడే ఓపిక లేక తల ఊపాడు.

డయాలసిస్ సూదులు దిగి దిగి నరాలు ఉబ్బిన ఎడమచేతిని చాచి, సత్యవేణి అతని మీసం మీది చుక్కను వేలితో తీసి తన నాలుకకు రాసుకుంది.