గోల్‌కీపర్ ఎడమ చెంప

గోల్‌కీపర్ ముఖం మళ్లీ నల్లగా వచ్చింది, బొగ్గుల బస్తాలోంచి లేచొచ్చినట్టు.

“నీ దుంపతెగ!” అని కంప్యూటర్ని తిట్టింది అక్క. ఫొటో దిగడానికి స్టూడియోకి వచ్చి కూర్చున్న పెద్దాయన ఉలిక్కిపడ్డాడు. “మిమ్మల్ని కాదండీ,” అని నాలిక్కరుచుకుంది.

పెళ్లి ఫొటోల్లో మొటిమలు, మచ్చలు మాయం చెయ్యడంలో ఆమెది అందె వేసిన చెయ్యి. అలాంటిది, ఒక ఫుట్‌బాల్ వీడియో గేమ్ ఆమె చేత మూడు చెరువుల నీళ్లు తాగిస్తోంది.

తమ్ముడు బేకరీలో పని చేస్తాడు. ఆదివారాలు వాళ్ల జట్టుకి గోల్‌కీపర్. పోయిన నెల ఓవెన్ మంట ఎగిసి ముఖానికి తగిలింది. కన్ను దక్కింది, అదే పదివేలు అన్నారు డాక్టర్లు. రేపు కట్టు పూర్తిగా విప్పేస్తారు. తనని తాను చూసుకుని ఏమైపోతాడోనని అమ్మకీ అక్కకీ ఒకటే బెంగ. అమ్మ ఇంట్లో అద్దాలన్నీ తీసి బీరువాలో దాచేసింది.

డ్రెస్సింగ్ మార్చేటప్పుడు అక్కే పక్కన ఉంటుంది. వాడు తల తిప్పుకుని, నర్సు పక్కన పెట్టిన స్టీలు ట్రే వైపే చూస్తుంటాడు. నొప్పి ఓర్చుకోవడానికి కాబోలు అనుకునేది. అలా ఉన్నప్పుడే అడిగాడు.

“అక్కా, మన గేమ్‌లో గోల్‌కీపర్‌కి నా ముఖం పెట్టవూ?”

“పెట్టు తల్లీ,” అంది అమ్మ తర్వాత. “ఆటలోనైనా వాడి ముఖం వాడికి దక్కనీ.”

అక్క వెళ్లి కంప్యూటర్ ముందు కూర్చుంది.

ఆటగాడి తలకు చుట్టే చర్మాన్ని టెక్స్చర్ అంటారు. కంప్యూటర్లో అది ఇస్త్రీ చేసిన గుడ్డలా పరిచి ఉంటుంది. దాని మీద తమ్ముడి ముఖం పెట్టింది. ఎడమ చెంప దగ్గర మాత్రం చాలాసేపు దిద్దింది. దిద్దుతుంటే ఏడుపొచ్చింది, ఆపుకుంది. ఆ తర్వాత మొదలైంది ఈ నలుపు గోల. ఫార్మాట్ మార్చి సేవ్ చేస్తే నలుపైతే పోయింది గానీ కొత్త పేచీ వచ్చిపడింది. దగ్గరగా చూస్తే అంతా బాగానే ఉంది. కెమెరా కాస్త వెనక్కి జరగ్గానే ఎడమ చెంప తాను దిద్దినట్టు ఉండటం లేదు. గోల్‌కీపర్ని జనం చూసేదేమో దూరం నుంచే.

ఇలాంటి మార్పులు చేసేవాళ్లంతా గురువుగారని పిలిచే ఒకాయనకు ఫోన్ చేసింది.

“ఫొటో పంపమ్మా, నేనే చేసిస్తాను.”

“వద్దండీ. ఆ ఫొటో ఎవరికీ పంపను. దారి చెప్పండి చాలు.”

“సరే. దూరం నుంచి చూపించడానికి గేమ్ అదే బొమ్మకి చిన్న నకళ్లు వాడుతుంది. నువ్వు దిద్దింది పెద్దదాన్ని. చిన్నవి మొదట పెట్టినవే ఉండిపోయాయి. సేవ్ చేసేటప్పుడు వాటిని కూడా మళ్లీ తయారు చెయ్యమని టిక్ పెట్టావా?”

“లేదండీ.”

“మరదే! అందరూ అక్కడే బోల్తా పడతారు.”

టిక్ పెట్టింది. కెమెరా వెనక్కి లాగింది. ఇంకా వెనక్కి లాగింది. ఎడమ చెంప ఈసారి చెక్కుచెదరలేదు. రేపు వాడు ఏ కిటికీ అద్దంలోనో తనని చూసుకునేలోపు ఈ గేమ్ చూపించాలి. ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తింది.

వార్డులో మంచం మీదే మ్యాచ్ మొదలుపెట్టింది. తెర మీద గోల్‌కీపర్ చేతులు చాచి నిలబడ్డాడు. తమ్ముడు కట్టు సందులోంచి కళ్లార్పకుండా చూస్తున్నాడు. తప్పు చేశానేమోనని అక్క ల్యాప్‌టాప్ మూసెయ్యబోయింది.

“ఏరా, కోపమొచ్చిందా?”

“లేదక్కా, బాగా గీశావు, కాకపోతే ఆ కాలిన మచ్చ ఇంకా కిందికి, దవడ దాకా ఉండాలి, ట్రేలో రోజూ చూసుకుంటున్నాగా,” అన్నాడు తమ్ముడు.