లక్షా పద్నాలుగు వేల అడుగులు

మిషన్లో ప్యాంటు తిరుగుతోంది. ప్యాంటు జేబులో బ్యాండు తిరుగుతోంది. బ్యాండుతో పాటు ప్యాకర్ ఉద్యోగం కూడా తిరుగుతోంది.

"ఆపు దాన్ని," అన్నాడు ప్యాకర్.

"ఆపినా తలుపు రాదు. లోపల నీళ్ళున్నంతసేపూ తాళం పడే ఉంటుంది. ముప్పావుగంట," అంది భార్య.

ఇద్దరూ మిషన్ ముందు చతికిలబడ్డారు. గుండ్రటి అద్దం వెనక నల్లటి పట్టీ నురగలో ఒకసారి తేలింది. బనీను చాటుకి పోయింది. మళ్ళీ తేలింది.

"వేసే ముందు జేబు చూసుకోవద్దా?"

"విప్పే ముందు నువ్వు చూసుకోవద్దా? జేబు నీదా, నాదా?"

ఆ బ్యాండు గోడౌన్ వాళ్ళది. చేతికి కట్టుకుంటే అడుగులు లెక్కపెడుతుంది. వారానికి అరవై వేలు వేయాలి. తగ్గితే నోటీసు. మూడో నోటీసుతో గేటు బయటికి. ఈ రూలు పెట్టినవాడెవడో గానీ జన్మలో ఒక్క డబ్బాకి టేపు వేసి ఎరగడు. ప్యాకర్ అన్నవాడు బల్ల దగ్గర నిలబడి పని చేస్తాడు. కదిలితే పని చెడుతుంది. అంటే కుదురుగా పని చేసినవాడికి నోటీసు, ఊరికే తిరిగినవాడికి చప్పట్లు.

ఇతనికి ఇప్పటికే రెండు నోటీసులు వచ్చాయి. అందుకని ఈ వారమంతా పళ్ళు తోముకుంటూ నడిచాడు. టేపు వేస్తూ నిలబడ్డచోటే కవాతు చేశాడు. సాయంత్రాలు వీధి చివరి దాకా వెళ్ళి, ఏమీ కొనకుండా, పదేసి సార్లు తిరిగొచ్చాడు. మొదట్లో మొరిగిన కుక్కలు కూడా విసుగొచ్చి మానేశాయి. శనివారానికి అరవై వేల నాలుగు వందలు అయ్యాయి. ఇక చాలని బ్యాండు విప్పి జేబులో పడేసి, కాళ్ళు బారచాపాడు. సోమవారం పొద్దున దాన్ని మేనేజర్ చేతికివ్వాలి. లెక్కంతా అందులోనే ఉంటుంది. అది చస్తే లెక్కా చస్తుంది.

మేనేజర్‌కీ బ్యాండు ఉంది. ఆయన సంగతి వేరు. నడకలో ప్రథమ స్థానం అంటూ ప్రతి నెలా నోటీసు బోర్డు మీద ఆయన ఫొటోయే. ఆయన కుర్చీలోంచి లేవగా చూసినవాడు మాత్రం గోడౌన్లో లేడు. పట్టీకి ఎప్పుడూ కాస్త నూగు అంటుకుని ఉంటుంది. కంబళి కప్పుకుని నిద్రలో నడుస్తాడు కాబోలని ప్యాకర్లు నవ్వుకునేవాళ్ళు.

మిషన్ తలుపు తెరుచుకుంది. సాక్సులోంచి బ్యాండు దొరికింది. అద్దం లోపల నీళ్ళు.

అత్తగారు బియ్యం డబ్బా తెచ్చి అందులో పాతిపెట్టింది. ఫోన్లు బాగుచేసే బామ్మర్ది కబురందుకుని వచ్చి, ఆ డబ్బా చూసి నెత్తి కొట్టుకున్నాడు.

"బియ్యంలో పెట్టారేంటి బావా? బాగుచెయ్యాలా, వండాలా?"

వెనక మూత విప్పాడు. స్పిరిట్ దూదితో తుడిచాడు. ఎండలో వద్దు, వేడికి బ్యాటరీ ఉబ్బుతుందన్నాడు. ఫ్యాను కింద పెట్టారు. ఆ గాలి సరిపోదని అత్తగారు పాత అట్టముక్కతో విసురుతూ కూర్చుంది. భార్య టార్చి పట్టుకుంది. ప్యాకర్ ఊపిరి బిగపట్టుకున్నాడు. మూడు గంటలు.

బ్యాండు కీచుమంది. వెలిగింది.

నలుగురూ వంగి చూశారు. 1,14,000.

"ఇంత నడిచావా అల్లుడూ? ఏదీ, కాళ్ళు చూపించు," అంది అత్తగారు.

"మిషన్ తిప్పిన ప్రతి తిప్పూ ఇది అడుగే అనుకుంది బావా," అన్నాడు బామ్మర్ది.

ప్యాకర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "దొంగ లెక్కంటారు. ఇంక నోటీసు కూడా ఉండదు, తిన్నగా గేటే."

"వెనక్కి నడువు. తగ్గుతాయి," అంది అత్తగారు.

అంతకన్నా మంచి ఆలోచన ఎవరి దగ్గరా లేదు. ప్యాకర్ బ్యాండు కట్టుకుని వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా మూడుసార్లు వెనక్కి నడిచాడు. ఒకసారి బిందె తన్నాడు, ఒకసారి బామ్మర్ది కాలు తొక్కాడు.

"చాలు ఆపవయ్యా, ఇంకో అరవై పెరిగాయి," అంది భార్య.

"దీనికన్నా అది చచ్చిపోయినా బాగుండేది."

"బతికించినందుకు నాకిదా మర్యాద?" అన్నాడు బామ్మర్ది, కాలు రుద్దుకుంటూ.

సోమవారం పొద్దున మేనేజర్ బ్యాండుని కంప్యూటర్‌కి తగిలించాడు. తెర వంక చూశాడు. ప్యాకర్ వంక చూశాడు. మళ్ళీ తెర వంక చూశాడు.

తర్వాత కుర్చీలోంచి లేచాడు. స్వయంగా నడిచి వెళ్ళి తలుపు గడియ వేశాడు. ప్యాకర్ ఆ గడియ వంక చూశాడు. ఈయన లేచాడంటే ఇక తన పని అయిపోయినట్టే.

"ఎలా వచ్చాయి ఇన్ని? ఈ వారం నాకే తొంభై వేలు."

అబద్ధం ఆడదామనుకున్నాడు ప్యాకర్. నోరు వినలేదు. "పొరపాటైంది సార్. బట్టలతో పాటు వాషింగ్ మిషన్లో పడిపోయింది. పిల్లల మీద ఒట్టు, కావాలని వేయలేదు సార్."

మేనేజర్ బ్యాండుని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. తల అడ్డంగా ఊపాడు. గొంతు బాగా తగ్గించాడు.

"నీళ్ళలో ఎందుకయ్యా, సాక్సులో మూటగట్టి ఉత్త డ్రయ్యర్లో తిప్పాలి గానీ, నాలుగేళ్ళుగా నేను తిప్పడం లేదూ?"