సర్చ్‌లైట్ కార్డు

"ఇంకో బ్యాటరీ పెడుతున్న బాపు. నాలుగైనయ్," అంది ఉమారాణి, ఫోన్ స్పీకర్ మీదికి వంగి.

"నాలుగా!" అవతల లక్ష్మీరాజం గొంతు. "రోబో ఒక్కటి సుత దించకుండ నాలుగు బ్యాటరీలు కూడబెట్టినవా? నన్ను బతకనిచ్చేటట్టు లేవు బిడ్డా."

పక్కన బీడీలు చుడుతున్న కల్పన, మొగుడి మాటకు నవ్వింది.

కోరుట్లలోని ఆ రేకుల ఇంట్లో శుక్రవారం సాయంత్రమంటే ఇదే పని. సిరిసిల్లలో లక్ష్మీరాజం నడిపే సాంచాలు, అంటే మరమగ్గాలు, మూతబడ్డాక కాపురం ఇక్కడికి మార్చారు. మూడు నెలల కిందట ఖతార్ వీసా వచ్చిందని అతను బొంబాయి వెళ్లాడు. వెళ్లేముందు రోబో యుద్ధం కార్డుల కట్టలు రెండు కొని, ఒకటి కూతురి చేతిలో పెట్టి, రెండోది సంచిలో వేసుకున్నాడు. ఖతార్‌లో కూలీలుండే క్యాంపులో వీడియో కాల్ రాదట. అందుకే ఎవరి కార్డు పేరు వాళ్లు చెప్పుకుంటూ ఆడతారు.

బడిలో పిల్లలంతా పెద్ద రోబోల కోసం కొట్టుకునేవాళ్లు. బ్యాటరీ కార్డుల విలువ ఉమారాణికి నేర్పింది తండ్రే. "కరెంటు లేకుంటే ఎంత పెద్ద సాంచైనా ఇనుప ముక్కనే బిడ్డా," అనేవాడు.

"సుడిగాలి కార్డు ఏస్తున్న," అన్నాడు లక్ష్మీరాజం. "నీ రెండు బ్యాటరీలు కొట్టుకపోయినయ్. ముందుగాల గా కిటికీ మూయి, జల్లు కొడ్తే కార్డులు తడుస్తయ్."

కల్పన చేతులు ఆగాయి. "ఈడ వాన పడుతున్నదని నీకెట్ల ఎరుక?"

అవతల లక్ష్మీరాజం దగ్గాడు.

"రేకుల మీది సప్పుడు ఫోన్ల ఇనవడ్తది గదమ్మా," అంటూ ఉమారాణి లేచి కిటికీ మూసింది. "బాపు, ఆడ ఎండ మస్తున్నదా?"

"ఆఁ... మస్తున్నది. ఈడ ఇంక రెండున్నరనే గదా."

ఆట చివరికొచ్చింది. ఉమారాణి కోట నిలిచే ఉంది; ఆమె దించిన రోబోల దెబ్బకు లక్ష్మీరాజం రోబోలన్నీ కూలిపోయాయి. బోర్లా పెట్టిన ఒక్క కార్డే మిగిలింది. ఉమారాణి కట్టలోంచి పై కార్డు తీసింది. సర్చ్‌లైట్!

తొంగి చూసిన కల్పన కళ్లు మెరిశాయి. ప్రతి శుక్రవారం వినీ వినీ ఆమెకూ ఆట వచ్చేసింది. సర్చ్‌లైట్ పడితే ఎదుటివాళ్లు బోర్లా పెట్టిన కార్డు ఏమిటో చెప్పి తీరాలి. చెప్పాక ఆ కార్డు ఇక పనికిరాదు. ఆట ముగిసినట్టే.

ఉమారాణి ఆ కార్డును కాసేపు చూసింది. తర్వాత మెల్లగా కట్ట అడుగుకు తోసింది.

"నేను ఏం ఏస్తలేను బాపు. నువ్వే ఆడు."

"అయితే నా ఉక్కు రోబో లేచింది బిడ్డా! నీ కోట కూలింది!" లక్ష్మీరాజం చిన్నపిల్లాడిలా నవ్వాడు. "గెలిచింది నేనే గని, అసలు ఆట నీదే. గంత ఓపిక నాకు రాదు. ఈ వయసుల నీకు గంత తెలివి యాడిదే?"

"నీదే బాపు. టైముకు తిను. బరువులు ఎక్కువ ఎత్తకు. నడుము జాగ్రత్త."

"గట్లనే బిడ్డా."

ఫోన్ పెట్టేశాక కల్పన ఆగలేకపోయింది. "మూడు నెలల సంది గా కార్డు కోసమే ఎదురు చూస్తివి. ఏస్తే గెలుస్తుంటివి గదనే! మంగళవారం జగిత్యాలల ఖోఖో పోటీలకు పోయచ్చినప్పటి సంది నీ తీరే మారింది. ఏమైందే?"

"ఏం లేదమ్మా. యాది మర్సిన."

జగిత్యాల మార్కెట్లో వడ్ల బస్తాలు మోస్తున్న తండ్రిని ఆమె ఆ మంగళవారమే చూసింది.