నొప్పి పట్టీ

ఆసియా పోటీల సెమీఫైనల్ నడుస్తుండగా తెనాలిలో సామ్రాజ్యం దొండకాయలు తరుగుతోంది. ఎడమ చేతికి నొప్పి పట్టీ ఉంది. జాతీయ బాస్కెట్‌బాల్ జట్టులో ఆడే ప్రతి అమ్మాయికీ ఇంట్లో ఒకరు అది కట్టుకోవాలి. దెబ్బ అక్కడ తగులుతుంది, నొప్పి ఇక్కడ పుడుతుంది. ఆడేవాళ్లకు నొప్పేమీ తెలియదు.

ఉన్నట్టుండి సామ్రాజ్యం కుడి చీలమండ కలుక్కుమంది. కత్తిపీట వదిలేసి పక్కకు ఒరిగిపోయింది. టీవీలో కూతురు లిఖిత నవ్వుతూ పరిగెడుతూనే ఉంది.

భర్త వెంకటరత్నం జట్టు డాక్టరుకు ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చాడు.

"డాక్టరుగారూ, దాని కాలు విరిగిందండీ. బయటికి పిలవండి!"

"పోయిన మూడు మ్యాచ్‌లకీ నొప్పేం లేదనే చెప్పారు కదమ్మా?"

నొప్పి ఉందంటే పిల్లని జట్టులోంచి తీసేస్తారని అన్నాళ్లూ సామ్రాజ్యమే పంటి బిగువున దాచింది.

"ఇవాళా అలాగే చెప్పండి. ఇంకో పన్నెండు నిమిషాలేగా. పట్టీ మాత్రం విప్పకండి. విప్పారంటే ఈ నొప్పంతా ఒక్కసారే అమ్మాయి మీద పడుతుంది."

డాక్టరు ఫోన్ పెట్టేశాడు.

టీవీలో లిఖిత బంతి అందుకుని బాస్కెట్ కేసి ఎగిరింది. ఆ కాళ్లు నేలకు తగిలేలోపే సామ్రాజ్యం చీరకొంగు నోట్లో కుక్కుకుంది.