మెషిన్ ఆగేలోపు

"వారానికి మూడుసార్లు ఏం ఉతుకుతావే తల్లీ? మహారాణీవారికి రోజుకో దుప్పటా?" రూమ్మేట్ స్నేహ గుమ్మానికి అడ్డంగా నిలబడి నవ్వింది.

ధాత్రి భుజాన సంచి సర్దుకుంది. సంచిలో దుప్పటి, దాని కింద ఫార్మసీ ఎంట్రన్స్ పుస్తకం.

"నాదీ ఒకటి వేసెయ్యవే, ప్లీజ్."

"అక్కడ మెషిన్ ఖాళీ ఉండదే."

అబద్ధం కాదు.

కెనడాలోని ఎడ్మంటన్‌లో వాళ్లు అద్దెకున్న బేస్‌మెంట్‌లో ఆరుగురు అమ్మాయిలు, ఒక్కటే బల్ల. కాలేజీ, కాఫీ షాపులో షిఫ్టు పోగా చదవడానికి ధాత్రికి మిగిలేది మెషిన్ తిరిగేంతసేపే. అది ఆగాక కళ్లు వాలిపోతాయి. అక్షరం ఎక్కదు.

పరీక్ష ఇంకా పదకొండు రోజులు. అంటే మెషిన్ ఇంకా ఐదుసార్లు. మిగిలినవి ఏడు చాప్టర్లు. పోయినసారి మూడు మార్కుల్లో సీటు పోయింది. ఆగస్టులో స్టడీ పర్మిట్ గడువు అయిపోతుంది. ఆ తర్వాత ఏమిటన్న ఆలోచన వచ్చినప్పుడల్లా పేజీ తిప్పేస్తుంది.

గోడవారగా వరసగా మెషిన్లు. నీళ్లు కదిలే సన్నని చప్పుడు. కుర్చీల్లో జనం, టీవీ చూస్తూ కొందరు, కునుకు తీస్తూ కొందరు. పక్క కుర్చీలో కేశవరావు గారు. తెనాలి ఆయన. ఏడేళ్లుగా ఇక్కడికే వస్తున్నారు.

"ఇంట్లోనే ఒకటి పెట్టించుకోవచ్చుగా అంకుల్?"

"మీ ఆంటీ పెట్టనిస్తేగా! మీ గురకే భరించలేక చస్తున్నా, దానికి తోడు ఈ చప్పుడు కూడానా అంటుంది." పుస్తకంలోకి తొంగి చూశారు. "కిడ్నీల చాప్టర్ ఎగ్గొట్టేశావేం?"

"అదొచ్చు అంకుల్."

"అది నాకూ వచ్చులే!" అని ఆయన పెద్దగా నవ్వారు. ధాత్రికీ నవ్వొచ్చింది. ఆ నవ్వుకి ఒళ్లో పుస్తకం జారి కింద పడింది. మెషిన్లు చూసుకునే మారియా వచ్చి తీసి ఇచ్చేసరికి ఆరు నిమిషాలు పోయాయి.

మెషిన్ తెర మీద నిమిషాల అంకెలు తగ్గుతున్నాయి. ఇరవై రెండు. ఇరవై ఒకటి.

ఒకే వాక్యం నాలుగుసార్లు చదివింది. బుర్రలో నిలబడలేదు. టైమ్ చాలదన్న భయమే ఉన్న టైమ్‌ని తినేస్తోందని ఆమెకు తెలుసు. తెలిసినంత మాత్రాన భయం తగ్గలేదు. పేజీ మీద వేలు పెట్టి, చిన్నపిల్లలా పైకి చదివింది.

మెషిన్ కూత పెట్టింది.

"మారియా, ఇంకో అరగంట నడిపించవా?"

మారియా ఆగి చూసింది. "ఎప్పుడైపోతుందని అడిగేవాళ్లే అందరూ. ఇంకాసేపు ఉంచమన్నది నువ్వొక్కదానివే."

"ఒక్క చాప్టర్. ప్లీజ్."

"తర్వాతివాళ్లు బయట వెయిట్ చేస్తున్నారు, హనీ."

ధాత్రి పుస్తకం మూసి, దుప్పటి కింద నుంచి ఎడమచెయ్యి మెల్లగా బయటికి తీసింది; మారియా రెండు సూదులూ ఒక్కొక్కటిగా లాగి, నాలుగు గంటలు మెషిన్‌లో శుభ్రపడి తిరిగొచ్చిన రక్తం చిమ్మకుండా దూది అదిమి పట్టింది.