ఐదు నిమిషాల ఉల్లిపాయ

“ఏంటమ్మా, నాడి చూస్తున్నారా? వాటికి జ్వరమేం లేదు” అన్నాడు ఉల్లిపాయలవాడు.

ఆమె వినిపించుకోలేదు. గుట్టలోంచి ఒక్కో ఉల్లిపాయా తీసి, మెడ దగ్గర బొటనవేలితో నొక్కి చూస్తోంది. మెత్తగా ఉంటే వెనక్కి. మొలక కనిపిస్తే వెనక్కి. పొర కింద నల్లటి బూజు ఉంటే ఒక తిట్టుతో సహా వెనక్కి. గట్టిగా, బరువుగా, పైపొర గలగలలాడుతూ ఉన్నవే సంచిలోకి.

“మెడ బిగువుగా ఉన్నదే మంచి ఉల్లిపాయని వంటల పుస్తకంలో ఉంది” అంది.

“ఆ ఒక్క ముక్కా సరిగ్గానే ఉంది” అన్నాడు, సంచి పట్టుకుని పక్కనే నిలబడ్డ మొగుడు.

రెండు కిలోలు ఏరేసరికి అరగంట పట్టింది. ఆదివారం పూట ఇంత శ్రద్ధ దేనికంటే, మధ్యాహ్నం ఒంటిగంటకు ఆయన అక్క భోజనానికి వస్తోంది. ఊరికే రావడం లేదు, పరీక్ష పెట్టడానికి వస్తోంది.

ఆ ఇంట్లో గరిటె ఆయనది. పెళ్లయిన నాటి నుంచీ అంతే. ఆయన కళ్లజోళ్ల దుకాణం కట్టేసి వచ్చి వండుతాడు, ఆమె కంప్యూటర్ ముందు నుంచి లేచి వచ్చి తింటుంది. ఇద్దరికీ బాగానే ఉంది. ఉండబట్టనిది అక్కగారికే. మొన్న ఫోన్ చేసి కుండబద్దలు కొట్టేసింది.

“నీకు వంట వచ్చో రాదో ఈ ఆదివారంతో తేలిపోవాలి. పుస్తకంలో నూట పన్నెండో పేజీ. తీపెక్కేదాకా మగ్గబెట్టిన ఉల్లిపాయలు. రొట్టె మీద వేసి పెట్టు, చాలు. మా తమ్ముడి చెయ్యి గరిటె మీద పడకూడదు. మాడిందో, అందరికీ చెప్తాను.”

వదిన నోట్లో నువ్వుగింజ నానదు. అందరికీ అంటే నిజంగా అందరికీ చెప్తుంది. అప్పటి నుంచీ ఆమెకు కంటి మీద కునుకు లేదు.

పన్నెండు కాకముందే కత్తి పట్టింది. కోసింది ఆమె ఒక్కతే, ఏడ్చింది ఇద్దరూ. మూకుట్లో వెన్న కరిగించి, సగం ముక్కలు వేసి, పుస్తకాన్ని ఉప్పు డబ్బాకి ఆనించి పైకి చదివింది.

“సన్నటి సెగ మీద ఐదు నిమిషాలు కలిపితే బంగారు రంగు వస్తుంది.”

ఐదు నిమిషాలు కలిపింది. ఉల్లిపాయలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఇంకో ఐదు నిమిషాలు కలిపింది. కాస్త మెత్తబడ్డాయి, అంతే.

“ఏవండీ, రంగు రాలేదు.”

“రాదు.”

“పుస్తకంలో ఐదు నిమిషాలని ఉందండీ!”

“పుస్తకానికేం, ఎన్నైనా అంటుంది. పొయ్యి దగ్గర నిలబడేది అదా?”

ఆమెకు ఉక్రోషం వచ్చి సెగ పెంచింది. ఉల్లిపాయలకు ఆమెను మించిన ఉక్రోషం వచ్చింది. అంచులు నల్లబడ్డాయి, మధ్యలో పచ్చిగానే ఉండిపోయాయి. వంటింటి నిండా పొగ. ఆయన చెయ్యి అలవాటు కొద్దీ గరిటె మీదికి పోయింది. ఆమె చటుక్కున లాక్కుంది.

“ముట్టుకోవద్దు! అడిగితే మీరు అబద్ధం కూడా చెప్పలేరు.”

మాడినదంతా చెత్తబుట్టలో పోసి, స్టూలు మీద కూలబడింది.

“అసలు అలా రాయడానికి చేతులెలా వచ్చాయండీ?”

“నన్నడిగితే నేనేం చెప్పను?”

“అచ్చులో ఉంది కదా అని నమ్మి, ఎంతమంది మూకుళ్లు మాడ్చుకున్నారో!”

“నాలుగో ముద్రణట. చాలామందే అయ్యుంటారు.”

ఆమెకు నవ్వు రాలేదు. సిగ్గుగా అనిపించింది, భయంగానూ ఉంది. గడియారం చూస్తే పన్నెండూ నలభై.

ఆయనకు జాలేసింది. “ఆ పుస్తకం మూసెయ్. ఉల్లిపాయల వంక చూడు. ఎప్పుడేం కావాలో అవే చెప్తాయి” అన్నాడు.

మిగిలిన సగం వేసింది. చిటికెడు ఉప్పు చల్లింది. సెగ తగ్గించింది. ఈసారి గడియారం వైపు చూడలేదు.

ఒంటిగంట కొట్టేసరికి అక్కగారు దిగింది. ముందు గదిలో కుర్చీ లాక్కుని, అక్కడి నుంచే కేకేసింది.

“ఏం అమ్మాయ్, ఐదు నిమిషాలేగా?”

“అయిపోవచ్చింది వదినా!”

అయిపోలేదు. ఎండుగడ్డి రంగు వచ్చింది. అడుగంటబోతే చెంచాడు నీళ్లు చిలకరించి గీకింది. కాసేపటికి తేనె రంగు వచ్చింది. మళ్లీ నీళ్లు, మళ్లీ గీకడం. చెయ్యి లాగేస్తోంది. మూకుడు నిండుగా పోసినవి గుప్పెడయ్యాయి. అప్పుడు లేచింది వాసన. తియ్యగా, వెచ్చగా, గడప దాటి ముందు గదిలోకి నడిచిపోయింది. జన్మలో మొదటిసారి ఆమెకు పొయ్యి ముందు నుంచి కదలబుద్ధి కాలేదు.

ఒకటిన్నరకు, కాల్చిన రొట్టె మీద ఇటుక రంగు ఉల్లిపాయలు పరిచి, పళ్లెం తెచ్చి వదిన ముందు పెట్టింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయాడు.

అక్కగారు కొరికింది. నమిలింది. రెండో ముక్క తీసుకుంది. మూడోదీ తీసుకుంది.

“ఒరే, నువ్వు గరిటె ముట్టుకున్నావా?”

“లేదక్కా. ఒట్టు.”

అక్కగారు వేళ్లు తుడుచుకుని, చేతిసంచిలోంచి వంటల పుస్తకం, పెన్నూ తీసి మరదలి ముందు పెట్టింది.

“నీ మాట నమ్మి మూడు మూకుళ్లు మాడ్చుకున్నాను తల్లీ, ముందు లోపల ఆ ఐదు కొట్టేసి యాభై అని రాయి, ఆ తర్వాత అట్ట మీద నీ పేరుందే, దాని కింద సంతకం పెట్టు.”