తిట్ల కార్యక్రమం

“తిట్లు తీసేస్తే ఇక నేను చెప్పడానికేముంది?” అన్నాడు మామగారు, ఆ పొద్దున్నుంచీ ఎన్నోసారో.

“మిల్లు గురించి చెప్పండి. రంగుల గురించి చెప్పండి,” అంది కోడలు, అతిథి గదిలో దుప్పటి దులుపుతూ. “వచ్చేవాళ్ళు మన ఏరు చూడ్డానికొస్తున్నారు మామయ్యా, మీ నోరు వినడానికి కాదు.”

“మొన్నటి దంపతులు నా నోరు విని చప్పట్లు కొట్టారు.”

“వాళ్ళకి మన భాష రాదు.”

వంటింట్లోంచి అత్తగారు కిసుక్కున నవ్వింది.

ఊళ్ళో బట్టల మిల్లు మూతపడి చాలా ఏళ్ళయింది. కార్మికుల ఇళ్ళ వరసలో ఏటి వైపున్నవాటిని పర్యాటక శాఖ అతిథి గృహాలుగా ఎంపిక చేసింది. ప్లాస్టిక్ సీసాలు వాడకూడదు, ఏట్లోకి సబ్బునీళ్ళు వదలకూడదు, పాత ఇటుక గోడల మీద సున్నం పూయకూడదు అని షరతులు పెట్టింది. పాత రోజుల సంగతులు ఇంటివాళ్ళే అతిథులకు చెప్పాలని కూడా రాసింది.

ఆ చివరి షరతు మామగారికి తెగ నచ్చేసింది.

ఆయన మిల్లులో రంగుల మేస్త్రి. రోజూ సాయంత్రం అతిథులను వసారాలో కూర్చోబెట్టి మిల్లు కథ చెప్పేవాడు. చివర్లో, ఏరు పాడవుతోందని కేసు వేసి మిల్లు మూయించిన పట్నం లాయరమ్మను తిట్టేవాడు. తను తిట్టి ఊరుకునే రకం కాదు. అతిథుల చేత కూడా తిట్టించేవాడు.

కోడలి భయమల్లా ఒక్కటే. ఎవరైనా ఫిర్యాదు చేస్తే శాఖవాళ్ళు తమ ఇంటిని జాబితాలోంచి తీసేస్తారు. ఆ గదే ఇప్పుడు సంసారానికి ఆధారం.

ఆ రోజు వచ్చిన అతిథి ఒక పెద్దావిడ. ఒంటరిగా, భుజాన ఒక గుడ్డ సంచితో వచ్చింది.

వచ్చీ రాగానే ఏటి మెట్ల మీద కూర్చుంది. ఇంటివాళ్ళ మనవరాలు ఏట్లో ఈత కొడుతుంటే చూస్తూ ఉండిపోయింది. భోజనానికి పిలిచినా కదల్లేదు.

“చేపలు పట్టేవాళ్ళు కూడా నీళ్ళకేసి అంతసేపు చూడరు,” అంది అత్తగారు.

సాయంత్రం వసారాలో ఆవిడొక్కతే శ్రోత.

గుమ్మంలోంచి కోడలు మామగారికి కళ్ళతో సైగలు చేసింది. ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

“చూడు చెల్లెమ్మా, ఏటి రంగు చూసి మిల్లులో ఏ సరుకు నడుస్తోందో చెప్పేసేవాళ్ళం. మా బాతులు ఒక వారం ఎర్రగా, ఒక వారం నీలంగా తిరిగేవి.”

“మరి పిల్లలు?”

“పిల్లల్ని దిగనిచ్చేవాళ్ళం కాదు. మావాడు ఒకసారి దిగి, ఒళ్ళంతా పుళ్ళతో... సరే, అది వేరే సంగతి. అసలు కథలోకొస్తాను.”

ఆవిడ తలూపింది.

“అలాంటి బంగారంలాంటి మిల్లుని ఒక లాయరమ్మ మూయించింది. మేమంతా కలిసి దిష్టిబొమ్మ తగలబెట్టాం. ఆవిడ ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు కదా, మా ఆవిడ పాత చీరొకటి చుట్టాం.”

“పాతదా!” వంటింట్లోంచి అత్తగారు కేక వేసింది. “రెండుసార్లు కట్టానో లేదో!”

“అయ్యో, ఏం రంగు?” అని అడిగింది అతిథి.

“ఆకుపచ్చ.”

“నాకూ ఆకుపచ్చంటే ఇష్టం,” అంది ఆవిడ జాలిగా.

మామగారు గొంతు సవరించుకున్నాడు.

“ఇప్పుడు నాతో పాటు అనాలి. దాని నల్లకోటు చెదలు తిన!”

“చెదలు తిన,” అంది ఆవిడ బుద్ధిగా.

“దాని నోరు పడిపోను!”

“పడిపోను.” కాస్త ఆలోచించింది. “అన్నగారూ, నోరు పడిపోతే ఏముంది, హాయిగా విశ్రాంతి. ఎక్కడ పడుకున్నా దానికి నిద్ర పట్టకపోను, అనండి.”

మామగారు కళ్ళజోడు పెట్టుకుని ఆవిడను తేరిపార చూశాడు. ఇంత మంచి శ్రోత ఆయనకు ఇంతవరకూ దొరకలేదు.

“అది తగులుతుందంటావా?”

“ఎంతమంది రోడ్డున పడ్డారో తెలిసిన మనిషైతే తప్పకుండా తగులుతుంది.”

కోడలు నెత్తి కొట్టుకుని లోపలికి పోయింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ ప్రయాణమైంది. ఏట్లోంచి వచ్చిన మనవరాలి తల తన తువ్వాలుతో తుడిచి మరీ వెళ్ళింది.

మధ్యాహ్నం పర్యాటక శాఖ అధికారి రొప్పుతూ వచ్చాడు.

“పెద్దావిడ ఏరీ?”

కోడలు చేతిలో పని వదిలేసి ఎదురొచ్చింది. “ఫిర్యాదు చేశారా?”

“ఫిర్యాదేంటమ్మా! ఈ సాయంత్రం ఏటి ఒడ్డున కొత్త నడకదారి ఆవిడ చేత ప్రారంభింపజేయాలని బతిమాలి పిలిపించాం. హోటల్లో గది ఇస్తామంటే వద్దన్నారు, మిల్లు కార్మికుల ఇల్లే కావాలన్నారు. ఇప్పుడేమో ఫోన్ చేసి, చూడాల్సింది చూసేశాను, రిబ్బను మీరే కత్తిరించుకోండి అంటున్నారు. ఇంతకీ మర్యాదలు బాగా జరిగాయా?”

కోడలు మామగారి వైపు చూసింది.

“జరిగాయి,” అన్నాడు మామగారు. “నేనే దగ్గరుండి చూసుకున్నాను.”

అధికారిని జీపు దాకా సాగనంపడానికి ఆయనే వెళ్ళాడు. జీపు పక్కన ఇద్దరూ ఏదో మాట్లాడుకోవడం కోడలికి కిటికీలోంచి కనిపించింది. జీపు వెళ్ళిపోయాక కూడా ఆయన ఏటి వైపు తిరిగి అక్కడే నిలబడ్డాడు.

ఆ పూట అందరూ భోజనాలకి కూర్చున్నారు. పని నుంచి వచ్చిన కొడుకు, ఇంకా తల ఆరని మనవరాలు, వడ్డిస్తూ అత్తగారు, కోడలు. మామగారు అన్నం కలుపుతున్నాడే గానీ ముద్ద నోట్లో పెట్టడం లేదు.

“రేపటి నుంచి తిట్లు ఉండవు,” అన్నాడు నెమ్మదిగా.

అత్తగారి చేతిలో గరిటె ఆగిపోయింది. “ఒంట్లో బాగానే ఉందా?”

“బాగానే ఉంది.”

“నేను అన్నందుకా మామయ్యా?” అంది కోడలు.

మామగారు మనవరాలి వైపు చూశాడు.

“కాదమ్మా. ఈ పిల్ల ఏట్లో ఈదాలని మిల్లు మీద కేసు వేసిన ఆ లాయరమ్మ, నిన్న మన వసారాలో కూర్చుని నా తిట్లన్నీ స్వయంగా అందుకుని వెళ్ళింది.”